సోమ, బుధ, శుక్రవారాల సాక్సోఫోన్

హేమ్లి సాక్సోఫోన్ నేర్చుకోవాలని ఏనాడూ అనుకోలేదు. ఆమె అనుకున్నదల్లా ఒక్కటే. మొగుడు బలరాం ఎనిమిది నెలలపాటు టీబీ గోళీలు ఒక్క పూట కూడా తప్పకుండా మింగాలి. రెండేళ్ల కింద మొదటిసారి మందు మొదలుపెట్టినప్పుడు మూడో నెలలోనే వదిలేశాడు. ఈసారి కూడా వదిలేస్తే ఇక తాము చేయగలిగింది ఉండదని దవాఖానాలో డాక్టరు చెప్పాడు. ఆ మాట బలరాంతో చెప్పలేదు, హేమ్లి వైపు చూసి చెప్పాడు. "జబ్బు ఆయనకు, చూపు నా దిక్కు. ఎందుకో అప్పుడు సమజ్ కాలేదు తమ్మీ" అని తర్వాత ఒకసారి నాతో అంది.

ఇది 2005 శ్రావణమాసం నాటి సంగతి.

నాకప్పుడు ఏన్కూరు సెంటర్లో క్యాసెట్లు రికార్డు చేసిచ్చే చిన్న దుకాణం ఉండేది. బోడగుట్ట తండా అక్కడికి ఏడు కిలోమీటర్లు, మిరప చేలు అయిపోయి జామాయిల్ తోటలు మొదలయ్యేచోట. బలరాం ఆ తండావాడు. వైరాలో గోపాలు మేస్త్రీ బ్యాండులో ఇరవై ఏళ్లుగా సాక్సోఫోన్ వాయించేవాడు. కొత్త సినిమా పాటలు పెళ్లిళ్లలో అడుగుతారని నా దగ్గరికొచ్చి రికార్డు చేయించుకునేవాడు. నేను పాట పెట్టి ఇస్తుంటే కౌంటరు మీద మోచేతులు ఆనించి, వేళ్లు కదుపుతూ అక్కడికక్కడే సగం నేర్చుకునేవాడు. పోయేముందు ప్రతిసారీ ఒక్కటే అడిగేవాడు.

"జాజ్ ఉందా తమ్మీ?"

జాజ్ అంటే ఏమిటో నాకు తెలియదు. ఒకసారి హైదరాబాదు పోయినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఒక క్యాసెట్ దొరికింది. పేరు కాగితం చిరిగిపోయింది, అట్టమీద సాక్సోఫోన్ బొమ్మ సగం మిగిలింది. తెచ్చి బలరాంకు వినిపించాను. రెండు నిమిషాలు విని, ఆపమన్నాడు. బయటికిపోయి చాయ్ తాగొచ్చి మళ్లీ పెట్టమన్నాడు. ఆ రోజు మధ్యాహ్నమంతా దుకాణం షట్టరు సగం దించి ఇద్దరం అదే విన్నాం. నాకు పాట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కూడా అంతుపట్టలేదు. కానీ ఎందుకో ఆపబుద్ధి కాలేదు.

బలరాంకు జాజ్ చెప్పింది పీటర్స్ దొర. డోర్నకల్ జంక్షన్‌లో ఇంజను డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్. బలరాం పదిహేడేళ్లప్పుడు స్టేషన్లో మూటలు మోయటానికి పోయి, సాయంత్రాలు ఆయన క్వార్టరు గోడ పక్కన నిలబడి వినేవాడు. రోజూ నిలబడేసరికి దొర ఒకనాడు లోపలికి పిలిచాడు. రెండేళ్లు నేర్పాడు. బెంగుళూరులో చెల్లెలి దగ్గరికి పోతూ తన సాక్సు కూడా ఇచ్చేసి పోయాడు. దొర చెప్పిన పాట ఒక్కటే బలరాంకు పూర్తిగా వచ్చు. దానికి పేరుందో లేదో తెలియదు, అతను దొర పాట అనేవాడు. పాటకంటే దొర చెప్పిన మాట అతనికి బాగా గుర్తుంది. పాట అందరిదీ, పాట ఒక చుట్టు అయిపోయాక అదే తాళం మీద నీకు తోచినట్టు ఊదుకుంటూ పోతావు చూడు, అది నీది.

ఆ "నీది" అనేదాన్ని బలరాం జీవితంలో ఒక్కసారే ప్రయత్నించాడు. కల్లూరులో ఒక పెళ్లి ఊరేగింపులో సినిమా పాట వాయిస్తూ, ఉత్సాహం పట్టలేక పాట విడిచి పక్కకు పోయాడు. ఎగురుతున్నవాళ్ల అడుగులు తప్పాయి. పెళ్లికొడుకు మేనమామ వచ్చి తాగి ఊదుతున్నావా అని కసిరాడు. గోపాలు మేస్త్రీ ఆ సీజనంతా సాక్సు పక్కన పెట్టించి అతనితో తాళాలు కొట్టించాడు. ఆ తర్వాత ఇన్నేళ్లూ బలరాం పాటను ఉన్నది ఉన్నట్టు ఊదాడు, బుద్ధిగా.

ఇక జబ్బు. రెండోసారి మందు మొదలయ్యాక ఊదకూడదన్నారు. మందేమో సోమ, బుధ, శుక్రవారాలు. ఒక్కొక్కసారి ఏడేసి గోళీలు, మొదటి రెండు నెలలు దాంతోపాటు సూది. తండా అంగన్‌వాడీ టీచరు ఉషారాణి దగ్గర అతని పేరు రాసిన డబ్బా ఉండేది, ఆమె కళ్లముందే మింగాలి. ఆ అంగన్‌వాడీలోనే హేమ్లి ఆయా. పిల్లలకు రవ్వ ఉప్మా వండి, తినిపించి, పంపించాక మధ్యాహ్నం రెండింటికి బలరాం రావాలి. లోపలికి కాదు, బయట ఇప్పచెట్టు కింద మంచం మీద.

మొదటి వారం వచ్చాడు. రెండో వారం బుధవారం రాలేదు. కడుపులో తిప్పుతోందని, ఉచ్చ ఎర్రగా వస్తోందని, ఒళ్లంతా మండుతోందని. హేమ్లి ఇంటికి పోయి చూస్తే వెనక దొడ్లో సాక్సు ఎత్తుకుని ఊదుతున్నాడు. ఆమెను చూసి దగ్గాడు. దగ్గి, గోడవైపు తిరిగి ఉమ్మాడు. ఉమ్మినదాన్ని కాలితో మట్టి కప్పాడు. సాక్సు అతని చేతుల్లోంచి తీసుకుని అంగన్‌వాడీకి తెచ్చి, పౌష్టికాహారం మూటల వెనక పెట్టి తాళం వేసింది.

శుక్రవారం బలరాం వచ్చాడు, మందు కోసం కాదు, సాక్సు కోసం. ఇయ్యనంది. గొడవ పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఒక్కనాడు ముట్టుకోని దానివి నీకేం తెలుసని అడిగాడు. ఉషారాణి టీచరు ఇద్దరి మధ్యా డబ్బా పట్టుకుని నిలబడింది. అప్పుడు హేమ్లి ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చింది అనేసింది.

"నువ్ మింగు. నువ్ మింగిన దినం నేను ఊదుత. నువ్ కూసొని తప్పులు చెప్పు. మింగని దినం ఇది మూటల ఎనకనే ఉంటది."

బలరాం నవ్వాడు. నవ్వుతూనే ఏడు గోళీలూ మింగాడు. పెళ్లాం సాక్సు ఊదటం చూడాలన్న ఆశకే మింగానని తర్వాత నాతో చెప్పాడు.

మొదట్లోనే ఒక తప్పు జరిగింది. టీబీ మనిషి నోట్లో పెట్టుకున్నది కదా, బాగా కడిగి వాడమని ఏఎన్ఎం చెప్పింది. హేమ్లికి శుభ్రం అంటే అంగన్‌వాడీలో నేర్పినదే. పిల్లల గ్లాసులు, చెంచాలు అన్నీ గంజులో మరగబెట్టాలి. సాక్సుకు నోట్లో పెట్టుకునే నల్లటి మూతి ఉంటుంది, గట్టి రబ్బరుతో చేసింది. దాన్ని చెంచాలతోపాటు గంజులో వేసి అరగంట మరగబెట్టింది. తీసేసరికి అది బురద నీటిలో నాచు రంగుకు తిరిగింది. గది అంతా దీపావళి మర్నాటి వాసన. అంచు కూడా ఒకపక్కకు కాస్త వంగింది. పీటర్స్ దొర ముప్పై ఏళ్లు, బలరాం ఇరవై ఏళ్లు కాపాడుకున్నది.

బలరాం దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. రెండు రోజులు హేమ్లితో మాట్లాడలేదు. సోమవారం మాత్రం మందుకు వచ్చాడు. గోళీలు మింగి, ఆ పచ్చటి మూతిని సాక్సుకు తనే బిగించి, ఊదమన్నాడు. మొదటి సారి గాలి తప్ప ఏమీ రాలేదు. కింది పెదవిని పళ్లమీదికి మడుచుకోమన్నాడు, బుగ్గలు ఉబ్బించొద్దన్నాడు, వేడి చాయ్ ఊదినట్టు కాదు, చలికి చేతులు కాచుకునేటప్పుడు ఊదినట్టు ఊదమన్నాడు. పదో సారికో పదిహేనో సారికో శబ్దం వచ్చింది. అంగన్‌వాడీ వెనక కట్టేసిన మేక తాడు తెంపుకుంది. ఎదురింటి సక్రి ముసల్ది గడపలోకి వచ్చి నిలబడింది.

"ఏందే హేమ్లీ, మీ బర్రె ఈనుతుందా?"

"అవ్ అత్తా, అడ్డం తిరిగింది దూడ" అంది హేమ్లి, మూతి తుడుచుకుంటూ.

దాంతో తండా అంతా అదే మాట. హేమ్లి నీళ్లకు పోతే దూడ ఎట్లుందని అడిగేవాళ్లు. ఆమెకు కోపం రాలేదు. ఎవరేమన్నా సోమ, బుధ, శుక్రవారాలు బలరాం డబ్బాలో ఒక్కొక్క పట్టీ ఖాళీ అవుతోంది, ఆమెకు అది చాలు.

నేను అక్కడికి పోవటం మొదలుపెట్టింది రీడు కోసం. మూతికి కింద వెదురు పేడులాంటి పల్చటి చెక్క బిగించి ఉంటుంది, అది అదిరితేనే శబ్దం. హేమ్లి మొదటి నెలలోనే మూడు విరగ్గొట్టింది. విజయవాడ నుంచి తెప్పించి ఇచ్చేవాణ్ని. తర్వాత్తర్వాత రీడు అవసరం లేకపోయినా పోయేవాణ్ని. దుకాణంలో మధ్యాహ్నం బేరం ఉండేది కాదు, సీడీలు వచ్చి క్యాసెట్లు ఎవరూ అడగటం లేదు. చిన్న టేపురికార్డరు ఒకటి సంచిలో వేసుకుని లూనా మీద పోయి ఇప్పచెట్టు కింద కూర్చునేవాణ్ని.

బలరాం ఊది చూపించకూడదు. అది మాట. కాబట్టి అన్నీ నోటితోనే చెప్పాలి. ఆ చెప్పటం వినటానికి నేను ఎంత దూరమైనా పోయేవాణ్ని. దొర పాట నడక హేమ్లికి మొదట అస్సలు పట్టుబడలేదు. రెండు స్వరాలు సమానంగా ఊదితే పాట బడి పిల్లల కవాతులా ఉండేది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, పొట్టిదే కాస్త గట్టిగా. అతను చేత్తో మంచం పట్టె మీద కొట్టి చూపించేవాడు. ఆమె తల అడ్డంగా ఊపేది. ఒకరోజు అట్లా కొడుతుంటే ఉన్నట్టుండి ఆమె ముఖం విప్పారింది.

"గిది నేనూ మా తోటికోడలు ఒక్క రోట్ల దంచినట్టుంది. ఆమె చెయ్యి ఎప్పుడూ ఆలస్యమే."

"ఆ ఆలస్యమే కావాలె" అన్నాడు బలరాం. "దాన్ని సరిచెయ్యకు."

ఆ రోజు నుంచి ఆ నడక ఆమెను వదల్లేదు.

పాట మొత్తం నాలుగు భాగాలు. మొదటిదీ రెండోదీ ఒకటే, మూడోది వేరు, నాలుగోది మళ్లీ మొదటిదే. ఇది గుర్తుపెట్టుకోవటానికి బలరాం ఒక ఉపాయం చెప్పాడు. మొదటి రెండూ తల్లిగారిల్లు. మూడోది అత్తగారిల్లు, గాలి వేరే, నీళ్లు వేరే, అక్కడ మాట కూడా వేరేగా మాట్లాడాలి. నాలుగోది మళ్లీ తల్లిగారిల్లే, కానీ పోయి వచ్చినదానివి కదా, పాత పిల్లవు కావు, కొంచెం తేడాగా అడుగుపెట్టు. హేమ్లి ఇది విని సాక్సు ఒళ్లోకి దించుకుంది. తర్వాత దొరకు పెళ్లయిందా అని అడిగింది. లేదన్నాడు. మరి ఆయనకు ఇదంతా ఎట్లా తెలుసంది. ఇది దొర చెప్పింది కాదు, నేను కట్టుకున్నదే అని బలరాం ఒప్పుకున్నాడు.

ఆ అత్తగారింట్లోనే ఆమెకు ఒక చిక్కు. మూడో భాగం మధ్యలో ఒక స్వరం ఉంది, కుడిచేతి ఉంగరపు వేలు పక్కకు జరిపి చిన్న మీట నొక్కితే వస్తుంది. ప్రతిసారీ ఆమె పక్క మీట నొక్కేది. ప్రతిసారీ బలరాం చెయ్యెత్తేవాడు. "అక్కడ కాదు. చిన్న మీట." ఆమె నాలిక కరుచుకునేది. దసరా పోయింది, దీపావళి పోయింది, పత్తి తీయటం అయిపోయింది. పాటంతా నీళ్లలా వచ్చేసింది, ఆ ఒక్క మీట తప్ప.

ఇంకొకటి కూడా ఉండేది. ప్రతి వరస చివర ఆమె శబ్దాన్ని నిలబెట్టకుండా కిందికి జార్చి, ఊపిరి తెగినట్టు ఆపేది. అది ఢావ్లో అలవాటు. తండాలో పెళ్లి అయ్యాక ఆడపిల్ల ఇల్లు విడిచేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని పాడుతూ ఏడుస్తుంది, ఏడుస్తూ పాడుతుంది, దాన్నే ఢావ్లో అంటారు. మాటలు ఉండవు, అంటే కట్టిపెట్టిన మాటలు ఉండవు, ఎవరి మాట వాళ్లదే. తల్లి మెడ పట్టుకున్నప్పుడు ఒకటి, అన్న మెడ పట్టుకున్నప్పుడు ఒకటి. పెళ్లికి వారం ముందు నుంచి పెద్దవాళ్లు దగ్గర కూర్చోబెట్టి పిల్లకు అలవాటు చేస్తారు. బోడగుట్ట తండాలో ఆ నేర్పే పని హేమ్లిది. అప్పటికి నాలుగైదేళ్లుగా ఎవరూ పిలవటం లేదు. ఫంక్షన్ హాలు పెళ్లిళ్లు, బ్యూటీపార్లరు నుంచి మనిషి వచ్చి ముఖానికి అద్దింది కరిగిపోతుందని పిల్లలు ఏడవటానికి ఒప్పుకోవటం లేదని ఆమె నవ్వుతూ చెప్పేది. బలరాం ఆ జారుడు మాన్పించటానికి చాలా ప్రయత్నించాడు. ఇది దొర పాట, సాగనంపుడు కాదనేవాడు. ఆమె సరేననేది, మళ్లీ జార్చేది.

పుష్యమాసంలో ఒక బుధవారం నేను పోయేసరికి బలరాం లేడు. కఫం పరీక్షకు దవాఖానాకు పోయి ఇంకా రాలేదు. హేమ్లి గంజులు తోమి, చేతులు ఆరబెట్టుకుంటూ, తనకోసమే అన్నట్టు ఊదుతోంది. నేను లూనా స్టాండు వేసి దూరంగానే నిలబడ్డాను. మొదటి భాగం, రెండో భాగం. మూడో భాగంలో ఆ చోటు వచ్చింది. చిన్న మీట సరిగ్గా నొక్కింది. మళ్లీ మొదటినుంచి ఊదింది, మళ్లీ సరిగ్గానే నొక్కింది. వెతుక్కోవటం కూడా లేదు, వేలు దానంతటదే పోయింది.

నన్ను చూసి ఆపేసింది. నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"తప్పు లేకపోతే ఆయనకు శుక్కురారం రావాల్సిన పనేముంది తమ్మీ?"

ఎవరికీ చెప్పనన్నాను. ఆమె సాక్సు ఒళ్లో పెట్టుకుని, బలరాం వచ్చే దారివైపు చూస్తూ, మాఘం వస్తోందంది. ఆమె భయమంతా మాఘమాసమే. మొదటిసారి అతను మందు వదిలేసింది అప్పుడే. మూడో నెలకు వచ్చేసరికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్లు చేసింది, ఇక బాగైపోయిందనుకున్నాడు. గోపాలు మేస్త్రీ వచ్చి పెళ్లిళ్లున్నాయనగానే పోయాడు. పెళ్లిళ్లలో రోజుకో ఊరు, సోమవారం ఏదో శుక్రవారం ఏదో తెలియదు. ఇప్పుడూ దగ్గు తగ్గింది. బుగ్గలు నిండాయి. పరీక్షలో కఫం శుభ్రంగా ఉందని ఆ సాయంత్రమే తెలిసింది. హేమ్లికి ఆ మంచి మాట విన్నాక భయం ఇంకా పెరిగింది.

మాఘంలో రెండో శుక్రవారం గోపాలు మేస్త్రీ రానే వచ్చాడు. టీవీఎస్ మీద, వెనక ఒక సంచి. సంచిలో కొత్త కోటు, ఎర్రది, భుజాల మీద బంగారు జలతారు. ఇప్పచెట్టు కింద మంచం మీద కూర్చుని పద్నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకున్నానని చెప్పాడు. కొత్తగా పెట్టుకున్న కుర్రాడు సాక్సు ఊదితే పెళ్లివాళ్లు చెవులు మూసుకుంటున్నారట. నువ్వు లేక బ్యాండు బోసిపోయిందన్నాడు. గోపాలు చెడ్డవాడు కాదు. మనిషిని పొగడటం అతనికి నిజంగానే చేతనవును.

బలరాం కోటు వేసుకుని చూశాడు. పోయిన ఏడాది పాత కోటు అతని మీద కర్రకు తగిలించినట్టు ఉండేది. ఇది సరిగ్గా పట్టింది. గుండీలు పెట్టుకుంటూ, మందు వెంట తీసుకుపోతానని, ఎక్కడున్నా మింగుతానని అన్నాడు. పోయినసారి కూడా అదే అన్నాడు. ఉషారాణి టీచరు డబ్బా తెచ్చింది. ఇప్పుడు గోళీలు ఐదే. కోటుతోనే మింగి, నీళ్లు తాగి, ఇవాళ్టికి పాట వద్దులే, మేస్త్రీ ఉన్నాడన్నాడు.

"మింగినవ్ గద" అంది హేమ్లి. "మాట మాటనే."

లోపలికి పోయి సాక్సు తెచ్చింది. గోపాలు మేస్త్రీ మర్యాదకు నవ్వు ఆపుకున్నాడు. సక్రి ముసల్ది గడపలో చతికిలబడింది. నేను టేపురికార్డరు మీట నొక్కాను.

మొదటి భాగం, రెండో భాగం. మరిగి వంకరపోయిన ఆ మూతివల్ల శబ్దం ఎప్పుడూ శుభ్రంగా ఉండేది కాదు, కొంచెం బొంగురు, జలుబు చేసిన మనిషి దగ్గరగా కూర్చుని మాట్లాడినట్టు. మూడో భాగం వచ్చింది. బలరాం చెయ్యి అలవాటుగా లేచింది. ఆమె వేలు చిన్న మీట మీదికి పోయింది. స్వరం సరిగ్గా పలికింది. లేచిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆమె ఎందుకు అట్లా చేసిందో, మరిచిపోయి చేసిందో, ఇక దాచి లాభం లేదనుకుందో, నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాలుగో భాగం అయిపోయింది. పాట అక్కడితో ఆగాలి. ఎప్పుడూ అక్కడే ఆపేది. ఆ రోజు ఆమె నోట్లోంచి మూతి తీయలేదు. ఊపిరి పీల్చుకుంది, ఆ పీల్చుకున్నది కూడా మాకు వినబడింది. ముందుకు పోయింది. రోటి పోటు అదే, నడక అదే, పాట మాత్రం పాటలో లేదు. పైనెక్కడో ఒక స్వరం పట్టుకుని, దాన్ని కొంచెం కొంచెంగా కిందికి జార్చి, తెంపి, మళ్లీ పైకి పోయి పట్టుకుని. ఇన్నాళ్లూ బలరాం మాన్పించాలని చూసిన ఆ జారుడే. ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఒక్కొక్క మాట చెప్తున్నట్టుంది. గడపలో సక్రి ముసల్ది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అట్లా పోతూ పోతూ ఆమె దారి తప్పింది. కళ్లు తెరిచింది. ఏ భాగంలో ఉందో తెలియటం లేదని ఆ కళ్లలో కనబడుతోంది. ఒకే స్వరం మీద నిలబడిపోయి, ఊపిరి అయిపోతున్నా ఆపకుండా, బలరాం వైపు చూసింది.

బలరాం అప్పటికే మంచం పట్టె మీద కొడుతున్నాడు. ఎప్పటినుంచి కొడుతున్నాడో. ఆమె ఎంత దూరం పోయినా అతను పాట ఇళ్లు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు.

"అత్తగారింట్లనే ఉన్నవ్" అన్నాడు, దెబ్బ ఆపకుండా, మామూలు గొంతుతో. "తొందరపడకు. ఇంకొంచెం ఉండు. ఇంకొంచెం. ఆ, ఇప్పుడు రా."

ఆమె వచ్చింది. నాలుగో భాగం మొదటి స్వరం మీద సరిగ్గా కాలు పెట్టింది, అక్కణ్నుంచి దొర పాట చివరిదాకా నడిచి, మూతి తీసి, మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయింది.

ముందు గోపాలు మేస్త్రీయే గొంతు సవరించుకున్నాడు.

"ఈ పాటకు బారాత్‌ల ఎవడు ఎగురుతడు బలరాం?"

"ఎవ్వడు ఎగరడు మేస్త్రీ. ఇది కూసొని ఇనేది."

అంటూనే కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. మడతపెట్టి, జలతారు నలగకుండా చూసుకుని, మేస్త్రీ ఒళ్లో పెట్టాడు. తనకింకా రెండు నెలల మందు ఉందన్నాడు. గోపాలు ఏదో అనబోయాడు, బలరాం అతన్ని అననివ్వలేదు.

"ఇన్నాళ్లు హేమ్లి పాటల ఉండె. ఇయ్యాల బయటికి పోయింది. పోవుడొచ్చింది గని, తిరిగొచ్చే తొవ్వ రాదు దానికి. నేను లేకుంటే తప్పిపోతది."

గోపాలు మేస్త్రీ చాయ్ తాగిపోయాడు. పోయేముందు సాక్సు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మూతి ఎందుకిట్లా పచ్చగా ఉందని అడిగాడు. నేనే ఉడకబెట్టిన, అన్నా, అంది హేమ్లి. టీవీఎస్ తండా మలుపు తిరిగేదాకా అతని నవ్వు వినబడుతూనే ఉంది.

నేను లూనా తీస్తుంటే బలరాం దారిదాకా వచ్చాడు. ఆ చిన్న మీట ఆమెకు ఎప్పటినుంచి వచ్చో నీకు తెలుసా అని అడిగాడు. నేను తెలియదన్నాను, అబద్ధం చెప్పటం నాకు సరిగ్గా రాదు. అతను అడవివైపు చూస్తూ కాసేపు నవ్వుకున్నాడు.

"నాకు దసర కాడి సంది తెల్సు."

మరి రోజూ చెయ్యెందుకు ఎత్తావన్నాను. చెయ్యెత్తకపోతే ఆమె దిగులుపడదా అన్నాడు.

చైత్రం ఆఖరుకు డబ్బా ఖాళీ అయింది. చివరి పరీక్షలోనూ కఫం శుభ్రంగా వచ్చింది. ఉషారాణి టీచరు కార్డు మీద ఆఖరి గడిలో టిక్కు పెట్టి, బలరాంకు చూపించి, తనే ఎక్కువ సంతోషపడింది. డాక్టరు ఊదుకోవచ్చన్నాడట, బ్యాండులో కాదు, ఇంట్లో, మెల్లగా, పావు ఊపిరితో.

తర్వాత సోమవారం నేను పోయేసరికి రెండవుతోంది. బలరాం అప్పటికే ఇప్పచెట్టు కింద ఉన్నాడు. చెట్టు కింద పూలు రాలి, తీపి వాసన. టీచరు బయటికొచ్చి, ఇంక రావాల్సిన పనిలేదు కదన్నా అంది. తెలుసమ్మా అన్నాడు, కూర్చునే ఉన్నాడు. హేమ్లి గంజులు బోర్లించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సాక్సు ఊదుకొమ్మని అతని చేతికే ఇచ్చింది, ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి.

అతను ఊదలేదు. ఒళ్లో పెట్టుకుని, మీటలన్నీ ఒకసారి తడిమి చూసుకుని, మాఘంలో ఆమె ఊదింది తనకు నేర్పమన్నాడు.

"ఢావ్లోనా? మొగోళ్లు పాడరు."

"పాడను. ఊదుత."

హేమ్లి నావైపు చూసింది, టీచరువైపు చూసింది. ఆ తర్వాత పెళ్లిపిల్లల ముందు కూర్చున్నట్టే అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. దానికి వేళ్లతో పనిలేదంది. ముందు ఎవరిని విడిచిపోతున్నవో వాళ్లను మనసులో పెట్టుకో, అప్పుడు ఊపిరి దానంతటదే జారుతుందంది.

బలరాం కళ్లు మూసుకుని చాలాసేపు ప్రయత్నించాడు. ఒకటి రెండుసార్లు మూతి నోటిదాకా పోయింది, మళ్లీ దిగింది. చివరికి కళ్లు తెరిచాడు.

"ఎవ్వర్ని ఇడుస్తలేను గద" అన్నాడు.

"అయితే నీకు రాదు" అంది హేమ్లి. సాక్సు మాత్రం అతని ఒళ్లోంచి తీసుకోలేదు.